పక్కన నడిచేవాళ్ల బరువు

ఏ రాజు కాలమో తెలియదు గానీ, ఒక ఏటి మీది కర్ర వంతెనకు ముసలి వడ్రంగి పైడన్న కావలి ఉండేవాడు. ఒకరోజు రాజుగారి సేనను నడిపే దళవాయి తన కొత్త మండపానికి రాతి స్తంభాన్ని పెద్ద బండి మీద తెస్తూ పల్లకీలో వచ్చాడు. బండి పక్కన డప్పులతో, ఈటెలతో అరవైమంది నడుస్తున్నారు.

పైడన్న అనుమతి చీటీ చూసి, “ఇందులో బండి ఒక్కటే ఉంది దొరా. అది దాటేదాకా మనుషులు ఆగాలి,” అన్నాడు.

“బరువంతా బండిదే. పక్కన నడిచేవాళ్లు లెక్కలోకి రారు,” అన్నాడు దళవాయి.

“అయితే పక్కన కూర్చునేవాళ్లూ రారు,” అంటూ పైడన్న పల్లకీ ఎక్కాడు. ఇద్దరు డప్పులవాళ్లనూ ఎక్కించుకున్నాడు. బోయీల మోకాళ్లు వంగాయి, పల్లకీ బొంగు కిర్రుమంది.

“దిగండిరా, విరిగేలా ఉంది,” అన్నాడు దళవాయి.

పైడన్న దిగి వంతెన వైపు చూశాడు. దళవాయి అందరినీ ఒడ్డునే ఆపాడు. బండి ఒక్కటే నడిమధ్యగా దాటింది.

“తెలివైనవాడివే. నిరుడు ఎగువ వంతెన బండితో సహా కూలిన రోజు నువ్వు అక్కడ ఉండాల్సింది,” అన్నాడు దళవాయి.

“అక్కడే ఉన్నాను దొరా. చీటీ కూడా చూశాను, అందులోనూ బండి ఒక్కటే ఉంది. పెద్దవాళ్లతో మనకెందుకని నోరు మెదపలేదు. ఆ బండి పక్కన డప్పు కొడుతూ నడిచింది మా తమ్ముడే.”