పులి ఒక్కసారే వచ్చింది

అనగనగా ఒక ఊళ్ళో సుంకులమ్మ అని పదహారేళ్ళ పిల్ల. దారిలో గుండ్రటి రాయి కనిపిస్తే ఏరి ఒళ్ళో వేసుకోకుండా అడుగు ముందుకు వేసేది కాదు. రాళ్ళెందుకంటావా? ఊరి జొన్నచేలకు కాపలా ఆ పిల్లే. చేల నడుమ మంచె ఎక్కి, ఒడిసెలలో రాయి పెట్టి గిరగిరా తిప్పి వదిలిందంటే, చిలకల గుంపు లేచి పక్క ఊరికి పోవాల్సిందే. పక్క ఊరివాళ్ళు తిట్టుకునేవాళ్ళు.

ఆ పిల్లకొక అన్న. పేరు మద్దిలేటి. ఒకనాడు మేకల దొడ్లో చిరుతపులి దూరితే ఈటెతో పొడిచి చంపాడు. నిజంగానే చంపాడులే, అబద్ధం కాదు. అప్పుడు ఊరు డప్పులు కొట్టింది, తలపాగా చుట్టింది, పులి మద్దిలేటి అని పేరు పెట్టింది. ఆ తర్వాత వాడు ఇంకే పనీ చేయలేదు. చావడిలో కూర్చుని పులి కథ చెప్పడమే పని. చెప్పిన ప్రతిసారీ పులి ఒక మూర పెరిగేది.

సుంకులమ్మ పేరు మాత్రం ఊరు మరిచిపోయింది. బావి దగ్గర "పులి మద్దిలేటి చెల్లెలా, జరుగు." సంతలో "పులి మద్దిలేటి చెల్లెలా, ఉల్లిగడ్డలు కావాల్నా?" ఆఖరికి కన్నతల్లి కూడా "పులోడి చెల్లెలా, సంగటి కెలుకు" అంది.

ఆ ఊళ్ళో ఒక ఆచారం ఉంది. కోతల రోజు తొలి కంకి కోసి, చేను కాచినవాళ్ళ చేతిలో పెట్టి, వాళ్ళ పేరు ఊరంతా వినపడేలా కేకేస్తారు.

పులి చచ్చిన మొదటి ఏడు ఆ కంకి మద్దిలేటి చేతిలో పెట్టారు. పిల్ల తనలోనే ఏదో తక్కువుంది అనుకుంది. పొద్దున మీ అన్న ఆటల్లో గెలిచిన కప్పు చూసి నువ్వు మూతి ముడుచుకున్నావే, అలా ముడుచుకుంది. "సామీ, నాకూ ఒక పులిని పంపు" అని మొక్కుకుంది. నక్క వచ్చింది. అది కూడా ఒడిసెల చూసి పారిపోయింది.

రెండో ఏడూ అంతే. అప్పుడు అమ్మ దగ్గర ఏడ్చింది. "వాడు పులిని కొట్టినాడే. నువ్వు పిట్టల్ని కొడతాండావు. దానికీ దీనికీ సాపత్యమా?" అంది అమ్మ.

మూడో ఏడు, గింజ పాలుపోసుకునే వేళ, సుంకులమ్మ మంచె దిగింది. ఒడిసెల నడుముకు చుట్టుకుని ఇంటి అరుగు మీద కూర్చుంది.

"ఏమ్మే, చేను?" అన్నాడు ఊరి పెద్ద కంబగిరి.

"కంకి తీసుకున్నోడే కాస్తాడు" అంది.

మద్దిలేటి నవ్వాడు. తలపాగా చుట్టుకుని, ఈటె పట్టుకుని మంచె ఎక్కాడు. పులి వస్తుందని అడవి వైపే చూస్తూ కూర్చున్నాడు. పులి రాలేదు. చిలకలొచ్చాయి. "నేనెవరో తెలుసా?" అని అరిచాడు. చిలకలకేం తెలుసు తల్లీ, వాటికి బిరుదులు చదవడం రాదు. ఈటె విసిరాడు. ఈటె ఒకటి, చిలకలు వెయ్యి. ఈటె తెచ్చుకుందామని దిగేసరికి కంబగిరి చేను సగం ఖాళీ.

ఆ తర్వాత ఊరంతా అరుగు ముందుకొచ్చింది. "పులి మద్దిలేటి చెల్లెలా, మంచె ఎక్కు తల్లీ" అన్నాడు కంబగిరి. పిల్ల పలకలేదు. "మద్దిలేటి చెల్లీ" అన్నాడు. పలకలేదు. "దీనికి చెవుడా?" అంది అమ్మ.

అప్పుడు మద్దిలేటే ముందుకొచ్చాడు. తలపాగా జారి మెడలో పడింది. "సుంకులమ్మా, నాకు ఒడిసెల తిప్పడం చేతకాదు. చిలకలు తింటాండాయి. రావే."

"పులి ఒక్కసారే వచ్చిందన్నా. పిట్టలు పొద్దూ మాపూ వస్తాండాయి. కంకి నాది, కేక నాది. ఒప్పుకుంటేనే లేస్తా."

"ఆడపిల్ల పేరు నడివీధిలో కేకేస్తామా?" అని గొణిగాడు కంబగిరి.

"అయితే ఆడపిల్ల రాయి కూడా నీ చేలో పడదు."

ఇంకో చిలకల గుంపు నెత్తి మీదుగా పోయింది. అప్పుడు ఊరు ఒప్పుకుంది. ప్రేమతో అనుకున్నావా? ఆకలి భయంతో. ఏదైతేనేం, ఒప్పుకుంది.

కోతల రోజు కంబగిరి కంకి చేతిలో పెట్టి "సుంకులమ్మ" అన్నాడు. సన్నగా వచ్చింది. "నాకే వినపడలా" అంది పిల్ల. మళ్ళీ అన్నాడు. "చావడికి వినపడలా" అంది. మూడోసారి అరిస్తే ఆ కేక కొండకు తగిలి తిరిగొచ్చింది.

ఆ తర్వాత సుంకులమ్మ పెళ్ళి చేసుకుంది, పిల్లల్ని కన్నది, ముసలిదైంది. ఫలానావాడి చెల్లెలా అన్నా, ఫలానావాడి పెళ్ళామా అన్నా, ఫలానావాడి తల్లీ అన్నా, చచ్చేదాకా పలకలేదు.

కథ కంచికి, కంకి మంచెకి,
నిద్ర కంటికి, మనం ఇంటికి.