టీకా రుజువు

మశూచి రాకుండా చంద్రవాటి రాజు ఊరందరికీ టీకా వేయించాడు. టీకాతో ఎవరికైనా కీడు జరిగితే పాడిగేదె ఇస్తానన్నాడు. ఆ ఏడు మశూచి రాలేదు. ఆస్థాన వైద్యుడు మార్తాండశాస్త్రికి బంగారు కంకణం దక్కింది.

కుమ్మరి పోలమ్మకు మాత్రం టీకా వేసిన చెయ్యి పడిపోయింది. ఇక సారె తిప్పలేక, గేదె కోసం సభకొచ్చింది.

"టీకా వల్లేనని రుజువేదీ? మట్టి పిసికి పిసికి పడిపోయిందేమో!" అన్నాడు శాస్త్రి.

"మశూచి మీ టీకా వల్లే రాలేదని రుజువేంటి బాబయ్యా? ఈ ఏడు దానికి తీరిక లేదేమో!"

"టీకా వేశాక రాలేదు. ఇంకేం రుజువు కావాలే?"

"నాకూ వేశాకే పడిపోయింది బాబయ్యా. ఆ రుజువు చాలదంటే కంకణం తీసెయ్యండి, నేనూ ఇంటికి పోతాను."

రాజు కంకణం వైపు చూశాడు. శాస్త్రి గబుక్కున చెయ్యి వెనక్కి దాచుకుని, "గేదె ఇప్పించండి మహారాజా!" అన్నాడు.