నీడ పోసిన నీళ్ళు

ఒకప్పుడు నీడలు మనుషుల కాళ్ళకి అతుక్కుని ఉండేవి కావు. నవ్వకండి, నిజమే చెబుతున్నాను. మనిషి సంతకి వెళ్తే నీడ ఇంటి దగ్గర వాకిలి ఊడ్చేది. మనిషి కునుకు తీస్తే నీడ కూర్చుని బియ్యంలో రాళ్ళేరేది. అప్పట్లో నీడల చేతుల్లో పట్టుండేది. నోట్లో మాట మాత్రం ఉండేది కాదు.

ఊరెళ్ళాలంటే అప్పటివాళ్ళకి దిగులే లేదు. తాళం కూడా వేసేవాళ్ళు కాదు. నీడని ఇంట్లో వదిలేసి, మూట నెత్తిన పెట్టుకుని పోయేవాళ్ళు. ఒకటే కట్టుబాటు. అమావాస్య దాటకుండా తిరిగొచ్చెయ్యాలి. ఎందుకని ఎవరూ అడిగేవాళ్ళు కాదు. పెద్దవాళ్ళు చెప్పేవాళ్ళు, చిన్నవాళ్ళు తలూపేవాళ్ళు. ఇప్పుడు మీరు ఊపుతున్నారే, అలాగే.

ఆ రోజుల్లో వరహాలమ్మ అని ఒకావిడ ఉండేది. పిల్లాజెల్లా లేరు. పెరటి నిండా కుండీలే. ఓటికుండలో మల్లె, పగిలిన మూకుడులో మరువం, మూతి విరిగిన బానలో కనకాంబరం. మొక్కలన్నీ ఆవిణ్ణి అమ్మా అనే పిలిచేవి. ఆవిడ వాటికి పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నీళ్ళు పోసేది. మిట్టమధ్యాహ్నం చచ్చినా పోసేది కాదు.

"మిట్టెండలో పోస్తే వేళ్ళు ఉడికిపోవూ!" అనేది.

పోసే ముందు మట్టిలో వేలు పెట్టి చూసేది. పొడిగా ఉంటే పోసేది. తడిగా ఉంటే, "నీకివాళ చాల్లేవే" అని పక్క కుండీ దగ్గరికి జరిగేది. పెద్ద మాటకారి. నీళ్ళు పోసినంతసేపూ ఊళ్ళో సంగతులన్నీ మొక్కలకి చెప్పేది.

ఒక ఎండాకాలం వరహాలమ్మ చెల్లెలు పైడితల్లి నుంచి కబురొచ్చింది. "అక్కా, మా కొండ ఊళ్ళో పనసపళ్ళు విరగకాశాయి. నాలుగు రోజులుండి పోదువుగాని, రా." వరహాలమ్మకి ప్రాణం లేచొచ్చింది. గబగబా మూట కట్టింది. నీడని పెరట్లోకి పిలిచి చెంబు చేతికిచ్చింది.

"ఇదిగో, పొద్దునా సాయంత్రం నీళ్ళు పొయ్యి. అమావాస్యలోపు వచ్చేస్తాను. అందాకా వీటికి నువ్వే దిక్కు."

నీడ తలూపింది. వరహాలమ్మ వెళ్ళిపోయింది.

నీడ బుద్ధిగా పనిచేసింది. పొద్దున పోసింది, సాయంత్రం పోసింది. కానీ పెరడు మూగబోయింది. మొక్కలకి మాటలు లేకుండా నీళ్ళు తాగే అలవాటు లేదాయె. చిన్నది కదా, మరువం ఆగలేక అడిగింది.

"అమ్మ ఎప్పుడొస్తుంది?"

నీడ ఏం చెబుతుంది పాపం? చెంబు పట్టుకుని నిలబడింది. మర్నాడూ అడిగింది మరువం. ఆ మర్నాడూ అడిగింది.

అమావాస్య వచ్చింది, పోయింది. వరహాలమ్మ రాలేదు.

ఆ మర్నాడు పక్కింటి సన్యాసమ్మ దడి మీంచి తొంగి చూసింది. పట్టపగలు, ఎండ కాస్తోంది. మల్లె దగ్గర ఒక ఆడమనిషి వంగుని ఉంది. అదే నడుము, అదే ముడి.

"వచ్చేశావా వరహాలూ?" అంది సన్యాసమ్మ.

ఆ మనిషి మెల్లిగా ఇటు తిరిగింది. ముఖం ఉంది. ముఖంలో కళ్ళూ ముక్కూ ఉండాల్సిన చోటే ఉన్నాయి. కానీ చూస్తుంటే ఏదీ కుదురుగా నిలవడం లేదు. నోరు తెరిచి, "వచ్చేశావా వరహాలూ?" అంది. అచ్చం సన్యాసమ్మ గొంతుతో.

సన్యాసమ్మ దడి వదిలేసి రెండడుగులు వెనక్కి వేసింది. ఏదో వేళాకోళం ఆడిందిలే అని తనకి తనే సర్దిచెప్పుకుని ఇంట్లోకి పోయి తలుపేసుకుంది. ఆ రోజు నుంచి ఆ దడి మీద పిచ్చుక వాలలేదు. వీధికుక్క కూడా ఆ ఇంటిని తప్పించుకుని అవతలివైపు నుంచి పోయేది.

ఆ సాయంత్రం మరువం మామూలుగానే అడిగింది. "అమ్మ ఎప్పుడొస్తుంది?"

"అమ్మ," అంది నీడ. మళ్ళీ మొదలుపెట్టింది. "అమ్మ వస్తుంది."

మర్నాడు ఇంకాస్త తేటగా అంది. "అమ్మ వచ్చింది."

అది వరహాలమ్మ గొంతే! ఆకు కదిలితే ఒట్టు.

ఇక నీడ పెరడు వదిలి కదల్లేదు. పొద్దున పోసింది, మధ్యాహ్నం పోసింది, సాయంత్రం పోసింది. మొక్కలకి ఎండ తగలకూడదని వాటి మీదే పడుకుంది. వరహాలమ్మ చీర కట్టుకుంది. వరహాలమ్మ చెప్పిన పాత కబుర్లే మళ్ళీ మొదటినుంచి చెప్పింది. మొక్కలు తెల్లగా పాలిపోయాయి. కాడలు సన్నగా సాగి వాలిపోయాయి. కుండీల్లో నీళ్ళు నిలిచి మట్టి కుళ్ళు వాసన కొట్టింది. నీడకి అదేం తెలియలేదు. నీళ్ళలో పడినా నీడ తడవదు కదా, దానికి తడేమిటో పొడేమిటో ఎలా తెలుస్తుంది?

వరహాలమ్మ ఏం చేస్తోందంటారా? పనసతొనలు తింటోంది! ఇవాళ వెళ్దాం, రేపు వెళ్దాం అనుకుంటూ ఉండిపోయింది. "మొక్కలకేం, నీళ్ళు అందుతూనే ఉంటాయిలే" అనుకుంది. బుద్ధి ఉండొద్దూ మనిషికి!

ఒకరోజు అక్కచెల్లెళ్ళిద్దరూ ఎండలో కూర్చుని చేతులకి నూనె రాసుకుని పనసకాయ కోస్తున్నారు. పైడితల్లి ఉన్నట్టుండి కత్తిపీట వదిలేసింది.

"అక్కా! నీ చెయ్యేంటే అలా ఉంది? అవతల నూనెగిన్నె కనబడుతోంది!"

వరహాలమ్మ చెయ్యెత్తి చూసుకుంది. నిజమే. అరచేతిలోంచి గిన్నె కనబడింది. గిన్నె మీద వాలిన ఈగ కూడా కనబడింది. అప్పుడు గుర్తొచ్చింది ఆవిడకి అమావాస్య. మూట కూడా కట్టుకోకుండా పరుగుతీసింది.

ఇల్లు చేరేసరికి మర్నాడు పొద్దెక్కింది. తలుపు లోపల గడియ వేసి ఉంది. దబదబా బాదింది. చప్పుడు సరిగ్గా రాలేదు.

"ఎవరూ?" లోపలినుంచి తన గొంతే అడిగింది.

"నేనే. వరహాలమ్మని."

"వరహాలమ్మ ఇంట్లోనే ఉంది. నువ్వెవరు?"

వరహాలమ్మ మళ్ళీ బాదింది, తలుపు తెరుచుకోలేదు. ఏడుస్తూ పక్కింటికి పోయింది. "సన్యాసమ్మొదినా, నన్ను చూడు, నేను వరహాలుని!" అంది. సన్యాసమ్మ ఆవిడ ఉన్న వైపే చూసింది, కానీ చూపు ఆవిడ మీద ఆనలేదు. జారిపోయి వెనకున్న గోడ మీద పడింది.

"ఎవరమ్మా? గొంతు నూతిలోంచి వస్తున్నట్టుందేంటి? వరహాలు పెరట్లో ఉంది, చూసుకో," అని తలుపేసేసింది.

చూశారా? ఇంకొక్క పూట గడిస్తే ఆవిడ పూర్తిగా చెరిగిపోతుంది. ఆ ఇల్లు, ఆ పేరు, ఆ మొక్కలు అన్నీ నీడవైపోతాయి.

వరహాలమ్మ దడి సందులోంచి దూరి పెరట్లోకి వెళ్ళింది. నీడ కుండీల మధ్య నిలబడి ఉంది. ఇప్పుడది చిక్కగా, బరువుగా ఉంది. దాని కాళ్ళకింద మట్టి కూడా అణుగుతోంది.

"మొక్కల్నే అడుగుదాం," అంది నీడ. "ఏమర్రా, మీ అమ్మ ఎవరు?"

మొక్కలు బిక్కచచ్చిపోయాయి. ఇద్దరిదీ ఒకే గొంతు. ఒకటి నిండుగా ఉంది, చేతిలో చెంబుంది. ఇంకొకటి పొగలా ఊగుతోంది. మల్లెకి తల ఎత్తే ఓపిక కూడా లేదు.

వరహాలమ్మ నోరు తెరిచింది, నేనే మీ అమ్మని అనబోయింది. అంతలో ఆవిడ కళ్ళు మరువం మీద పడ్డాయి. పాలిపోయి, కుండీ అంచు మీద వాలి ఉంది మరువం. అంతే, తనెవరో చెప్పుకోవాలన్న సంగతే మరిచిపోయింది. గబుక్కున కూలబడి మట్టిలో వేలు పెట్టింది.

"ఓసి నా తల్లీ! ఇంత బురదలో ఎలా ఉన్నావే? ఎవరు పోశారే ఇన్ని నీళ్ళు? చాలు, చాలు, ఇవాళ నీకు చుక్క కూడా వద్దు!"

పుల్ల తీసుకుని కుండీ అడుగున పూడిపోయిన చిల్లు పొడిచింది. నల్లటి నీళ్ళు బుడబుడా కారిపోయాయి. పొగలాంటి చేతులతోనే మూకుడుని ఎండలోకి ఈడ్చింది. చేతులు జారిపోతున్నా మళ్ళీ పట్టుకుని ఈడ్చింది.

"వేలు పెట్టింది!" అని అరిచింది మరువం. "అమ్మే! అమ్మే వేలు పెట్టింది!"

మల్లె తల తిప్పింది. కనకాంబరం తల తిప్పింది. వాలిపోయిన మొక్కలన్నీ నీడకి వెన్ను చూపించి ఎండలో ఉన్న వరహాలమ్మ వైపు వంగాయి. "అమ్మా! అమ్మా!" అని ఒకటే పిలుపులు. పిలిచిన కొద్దీ వరహాలమ్మ చేతులు గట్టిపడ్డాయి. నీడ చేతిలో చెంబు ఠంగుమని కింద పడింది. చీర జారిపోయింది. నీడ నేల మీద పరుచుకుపోయింది, మళ్ళీ లేవలేకపోయింది.

అక్కడినుంచే మాట్లాడింది. "నన్నే దిక్కన్నావు. అమావాస్యకి వస్తానన్నావు, రాలేదు. ఇవి రోజూ నీకోసం అడిగేవి. అడుగుతుంటే చూడలేక మాటలు నేర్చుకున్నాను. ఏడుద్దామంటే నాకు కన్నీళ్ళు లేవు. అందుకే నీళ్ళు పోశాను. నాకు తెలిసింది అదొక్కటే."

వరహాలమ్మ నేల మీద నీడ పక్కనే కూర్చుంది. "తప్పు నాదేనే," అని భోరున ఏడ్చింది.

పైనుంచి ఇదంతా చూస్తున్న సూర్యుడు కలగజేసుకున్నాడు. "చాల్లే మీ గొడవ. ఇకమీద ఎవరూ నీడని వదిలి ఊరెళ్ళడానికి వీల్లేదు. ఏ నీడా మాట్లాడడానికి వీల్లేదు. కాళ్ళకి కట్టేస్తున్నాను." అని ఒక్కొక్క నీడనీ పట్టి వాళ్ళ వాళ్ళ మడమలకి కట్టేశాడు.

నీడ నోరు మూతబడబోయే ముందు ఒకే ఒక్క మాట అడిగింది. "మరి మొక్కలకి నీళ్ళో?"

సూర్యుడికి జాలేసింది. "సరే. పొద్దునా సాయంత్రం, నీళ్ళు పోసే వేళకి, నీ కట్టు వదులు చేస్తాను. ఎంత దూరం సాగగలిగితే అంత దూరం సాగు. మధ్యాహ్నం మాత్రం బిగించేస్తాను. అప్పుడు నువ్వు పోస్తే వేళ్ళు ఉడికిపోతాయి."

అప్పటినుంచే నీడ పొద్దునా సాయంత్రం పొడుగ్గా సాగుతుంది, మిట్టమధ్యాహ్నం కాళ్ళకింద ముడుచుకుపోతుంది. అప్పటినుంచే కుండీలో మొక్క నీడలో పెడితే ఊరుకోదు, వెలుగు వైపు మెడ తిప్పుకుంటుంది. అప్పటినుంచే మనం ఊరెళ్ళేటప్పుడు పక్కింటివాళ్ళని బతిమాలుకుంటాం, కాస్త మొక్కలకి నీళ్ళు పొయ్యండమ్మా అని.

ఈ సాయంత్రం మీరు చెంబు పట్టుకుని కుండీ దగ్గర నిలబడినప్పుడు చూడండి. మీకంటే ముందే ఒక పొడుగాటి నల్లచెయ్యి అక్కడికి చేరి ఉంటుంది. మట్టిలో వేలు పెట్టండి. అదీ వేలు చాపుతుంది, సరిగ్గా మీ వేలి కొన దగ్గరికే. పెట్టి ఊరుకుంటుంది, ఏమీ అనదు. అది నేర్చుకుంటోంది.