రెండు తెరలు, ఒక పొట్టి స్టూలు

"సారూ, ఆటకు, పనికి కలిపి ఒక్కటే మానిటర్ కొనాలంటే ఏది కొనాలె?"

అడిగినవాడు మధుకర్. అడిగింది వొడ్నాల నాంపెల్లి సారును. సారు ముప్పై ఏళ్లు టైపు నేర్పిన మనిషి. ఇప్పుడు కోరుట్లలో బీడీ కార్మికుల వాడలో, ఉచితంగా దరఖాస్తులు నింపిపెట్టే గది ఒకటి నడుపుతున్నాడు. మధుకర్ ఆయన దగ్గర పని నేర్చుకుంటూ ఆ గది వెనకే ఉంటాడు. పగలంతా దరఖాస్తులు, సాయంత్రం కంప్యూటర్‌లో తుపాకుల ఆట. పాత మానిటర్ చెడిపోయింది. కొత్తది తన డబ్బుతోనే కొంటానన్నాడు.

ఏది మంచిదని అడిగితే చెప్పే అలవాటు సారుకు లేదు. "రెండు తెచ్చి వెట్టు. ఒక్కో దినం ఒక్కోదాని మీద పని చెయ్" అన్నాడు.

దుకాణం వాడు తెలిసినవాడే కావడంతో రెండు రోజుల కోసం రెండూ ఇచ్చాడు. ఒకటి ఆటగాళ్ల కోసం చేసింది. సెకనుకు నూట అరవై అయిదు సార్లు బొమ్మ మారుతుంది. శత్రువు గోడ మూల తిరిగీ తిరగకముందే కనబడతాడు. రెండోది మామూలు ఆఫీసు మానిటర్. వేగం అందులో సగం కూడా లేదు. కానీ ఎటు నుంచి చూసినా బొమ్మ ఒకేలా ఉంటుందని దుకాణం వాడు చెప్పాడు.

"పక్క నుంచి చూసేటోడు ఎవడు అన్నా? ఆడేది నేను, రాసేది నేను" అన్నాడు మధుకర్.

మొదటి రోజు ఆటల మానిటర్ పెట్టుకున్నాడు. బీడీ పింఛన్ల దరఖాస్తులకు గడువు ఇంకా రెండు రోజులే ఉంది. గది ముందు వరుస కట్టారు. దరఖాస్తు పెట్టేవాళ్లు బల్ల పక్కన ఉన్న పొట్టి స్టూలు మీద కూర్చుంటారు. మధుకర్ వివరాలు అడిగి నింపి, తెరను కొంచెం వాళ్ల వైపు తిప్పి, "చూసుకో, అంతా సరేనా?" అంటాడు. అందరూ సరేనన్నారు. గుండేటి రాజవ్వ కూడా సరేనన్నది. ఆమె దరఖాస్తు అప్పటికే రెండుసార్లు తిరిగొచ్చింది. "ఈసారి గిట్ల తిప్పి పంపితె, నేను బీడీలు చేసుడు ఆపేది సచ్చినంకనే బిడ్డా" అని నవ్వింది. వేళ్లు వంకర్లు పోయి, గంటకు ఇరవై బీడీలు కూడా చుట్టలేకపోతున్నది.

సాయంత్రానికి పందొమ్మిది దరఖాస్తులు నిండాయి. అయితే ఆ రోజు పింఛన్ల సైటు ఒక్కదాన్నీ తీసుకోలేదు. మధుకర్ అన్నీ కంప్యూటర్‌లో దాచిపెట్టి, అందరి ఫోన్ నంబర్లూ ఒక కాగితం మీద రాసి, ఆటలో కూర్చున్నాడు. అందులోనూ గెలిచాడు.

రెండో రోజు ఆఫీసు మానిటర్. పొద్దున్నుంచీ తగవులే. ఒకాయన ఊరు అది కాదన్నాడు. ఒకామె, "అరవై ఏడేండ్లా? నీ కంటికి నేను గంత ముసల్దాన్నా?" అని దిద్దించింది. మరొకతను వేలు పెట్టి ఒక్కో అంకె చదివించాడు. మధ్యాహ్నానికి అయిదుగురే అయ్యారు.

"సారూ, దీనితోని నడువది" అన్నాడు మధుకర్. "నిన్న గీ యాళ్లకు పదకొండు మందివి నింపిన. ఒక్కలు గూడ ఇట్ల కిరికిరి పెట్టలే. ఆట కోసం కాదు, జనం కోసమే చెప్తున్న. జనానికి పని జల్ది కావాలె."

వేగమే అభివృద్ధి అని గోడల మీద రాయించే ప్రభుత్వాలను మనం తిడతాం. జనం పేరు చెప్పి మనం వేసే లెక్కా అదే. సారు మాత్రం రెండు మానిటర్లనూ పక్కపక్కన పెట్టమన్నాడు.

అప్పుడే రాజవ్వ వచ్చింది. సైటు తెరుచుకున్నదని విన్నదట. పంపాలంటే ఆమె ఫోనుకు వచ్చే అంకెలు చెప్పాలి. మధుకర్ నిన్నటి దరఖాస్తు తెరిచాడు. ఆమె స్టూలు మీద కూర్చుని ఆఫీసు మానిటర్ వైపు చూసింది.

"గీ ఫోటో నాది గాదు. మా యారాలిది."

నిన్న రాజవ్వ, ఆమె తోటికోడలు కలిసి వచ్చారు. ఒకే స్టూడియోలో, ఒకే నీలం పరదా ముందు దిగిన ఫోటోలు ఇచ్చారు. మధుకర్ ఒకరిది ఒకరికి పెట్టాడు. అలాగే పంపి ఉంటే ఇద్దరివీ తిరిగొచ్చేవి.

మధుకర్ ముఖం ఎర్రబడింది. "నిన్న చూపిస్తె సరే అన్నవు గదా అవ్వా?"

"నల్లగ గనవడ్డది బిడ్డా. మీ కంపూటర్ డబ్బలల్ల మేం గట్లనే గనవడ్తం గావచ్చనుకున్న."

సారు ఆమెను లేపి, మధుకర్‌ను ఆ స్టూలు మీద కూర్చోమన్నాడు. ఆటల మానిటర్‌లో కూడా అదే పేజీ తెరిచాడు. కింది నుంచి చూస్తే ముఖం బొగ్గులా ఉంది. అక్షరాలు ఉన్నాయని తెలిసినవాడికే ఉన్నాయి. పక్కనున్న ఆఫీసు తెర మీద ఆ యారాలి ముక్కుపుడక కూడా కనబడుతున్నది. మౌనం అర్ధాంగీకారమని ఎవరు కనిపెట్టారో గానీ, వాడు ఆ స్టూలు మీద కూర్చున్నవాడు కాదు.

మధుకర్ లేచి తన కుర్చీలోకి వెళ్లాడు. ఫోటోలు మార్చాడు. రాజవ్వ ఇంకోసారి మెల్లగా చూసుకుని, పుట్టిన నెల కూడా దిద్దించి, అంకెలు చెప్పింది. దరఖాస్తు పోయింది. గడువు సాయంత్రం అయిదింటికి.

"అయితే గీ ఆఫీసుదే కొనాలె, అంతేనా సారూ?"

సారు నిన్నటి ఫోన్ నంబర్ల కాగితం అతని ముందుకు జరిపాడు.

"నిన్న ఎవ్వలు నీతో కిరికిరి పెట్టలేదంటివి గదా," అన్నాడు. "అందర్ని పిలువు."