ఏ జాతి జాగిలం?

చుట్టూ కొండలు, నడుమ ఎర్రనేలలు ఉన్న ఒకానొక రాజ్యాన్ని రణకేసరి అనే రాజు ఏలేవాడు. పడకగది నుంచి కొలువుకూటానికి నూరడుగులైనా లేవు గానీ, ఆయన పల్లకిలోనే వెళ్ళేవాడు. బంట్లు ముందు నడుస్తూ బిరుదులు చదవాలి. 'వేటగాళ్ళలో సింహం' అన్న బిరుదంటే ఆయనకు మహా ఇష్టం. నిజానికి ఆయన మంచె మీద కూర్చునేవాడు, బంట్లు జంతువుల్ని తోలుకొచ్చి ముందు నిలబెట్టేవారు.

ఒక ఏడాది సామంతులిద్దరు ఆయనకు వేటకుక్కలను కానుకగా పంపారు. ఒకరు పంపింది గాలిజాగిలాల జంట. సన్నటి నడుము, పొడుగాటి కాళ్ళు. కంటికి ఆనిన జంతువును పరుగులో పట్టేస్తాయి. రెండోవారు పంపింది వాసనజాగిలాల జంట. వేలాడే చెవులు, బరువైన గొంతు. నిన్న నడిచిన పంది జాడను ఇవాళ పసిగడతాయి.

రాజు ఇంట్లో ఒకే జాతి కుక్క ఉండాలన్నాడు రణకేసరి. రెండో జంటను చంపేయాలట. తాను వద్దన్నది మరొకరి వాకిట్లో తిరగకూడదట. ఏది ఉంచుకోవాలో చెప్పమని కొలువును అడిగాడు.

ముందు పండితుడు భైరవభట్టు గాలిజాగిలాలు మేలన్నాడు. పరీక్షించి చూద్దామని ముందు వాటిని అంతఃపురం పెరట్లో కట్టేశారు. ఎనిమిదో రోజుకు అవి తాళ్ళు కొరికి, జరీ తలగడలు చీల్చి, రాణిగారి నెమలిని చంపాయి. భట్టును చెరలో వేశారు. ముసలి ప్రాణం, అక్కడ పదకొండో రోజున పోయింది.

తర్వాత విలుకాడు సింగమనాయకుడు వాసనజాగిలాలు మేలన్నాడు. వాటినీ అదే పెరట్లో కట్టేశారు. అవి గోడ పునాది తవ్వి, పగలంతా ఊళ పెట్టి, రాజుకు మధ్యాహ్నపు కునుకు లేకుండా చేశాయి. రాజు సింగమనాయకుడి కుడి బొటనవేలు తీయించి చెరలో పెట్టాడు. వచ్చే అమావాస్యకు తల కూడా తీయమన్నాడు.

మూడోసారి రాజు చూపు మాచన మీద పడింది. మాచన కొలువులో ప్రజల విన్నపాలు చదివి వినిపించే ఉద్యోగి. సింగమనాయకుడు అతని అక్క మొగుడు. అక్క నాలుగు రోజులుగా ముద్ద ముట్టలేదు. మూడు రోజుల్లో జవాబు చెప్పమనీ, తప్పితే బావ పక్కనే నిలబడవలసి వస్తుందనీ రాజు సెలవిచ్చాడు.

మాచన నేరుగా కుక్కల దగ్గరికి వెళ్ళాడు. వాటిని సాకేది ఓబులమ్మ అనే అడవిపల్లె మనిషి. మెడల మీద తాడు ఒరిసిన పుండ్లకు పసుపు రాస్తోంది. ఏ జాతి మంచిదని మాచన అడిగితే, రెండూ మంచివేనంది. పొద్దున మూడు క్రోసులు, సాయంత్రం మూడు క్రోసులు పరిగెత్తకపోతే ఏదైనా పిచ్చెక్కినట్టు అయిపోతుందంది. ఒక్కరోజు దొంగచాటుగా వాటిని ఏటి దాకా పరిగెత్తించిందట. ఆనాటి నుంచీ ఆమె చేత్తో పెడితే తప్ప తినడం లేదు.

"ఎవరు తమతో పరిగెత్తితే వాళ్ళనే యజమాని అనుకుంటాయయ్యా," అంది ఓబులమ్మ. "కట్టేసినవాణ్ణి అనుకోవు."

ఆ మాట పట్టుకుని మాచన ఇంటికి వెళ్ళాడు. చాలాసేపు అలాగే కూర్చుండిపోయాడు. తట్టిన ఉపాయం గురి తప్పితే రెండు తలలు పోతాయి.

మూడో రోజు కొలువులో అతను రెండు జాతులనూ పొగిడాడు. ఒక్క సంగతి తేలితే ఎంపిక సులువన్నాడు. ఈ కుక్కలు తమతో పరిగెత్తినవాడి మాటే వింటాయి. సేనాపతి పరిగెత్తితే అవి సేనాపతి కుక్కలు. మంత్రి పరిగెత్తితే మంత్రి కుక్కలు. పడుకునేది మాత్రం మహారాజుగారి మంచం పక్కన.

రాజు సేనాపతి వైపు చూశాడు. తర్వాత మంత్రి వైపు చూశాడు. సేనాపతి ముఖంలో నెత్తురు చుక్క లేదు. తాను వేసిన మాట ఎక్కడ పడబోతోందో మాచనకు తెలియదు.

"వీళ్ళెవరూ అక్కర్లేదు," అన్నాడు రాజు చివరికి. "నేనే పరిగెత్తుతాను."

మాచన చేతులు జోడించి వద్దని బతిమాలాడు. తాతముత్తాతలెవరూ చేయలేని పని అన్నాడు. అలా అన్నకొద్దీ రాజు పట్టు బిగించాడు. తాను నిర్ణయించేదాకా ఎవరి తలా తీయవద్దని కూడా ఆజ్ఞాపించాడు. మాచనకు కావలసింది అదే.

మర్నాడు తెల్లవారగానే గాలిజాగిలాల తాడు నడుముకు చుట్టించుకుని రాజు బయలుదేరాడు. దూరాన కుందేలు కదిలింది. అంతే, 'వేటగాళ్ళలో సింహం' అని చదువుతున్న బంటు ఆ మాట పూర్తిచేసే లోపు జాగిలాలు సింహాన్ని బోర్లా పడేసి దున్నిన చేలో ఈడ్చుకుపోయాయి. రెండో రోజు వాసనజాగిలాలు పంది జాడ పట్టి ఆయన్ను ముళ్ళపొదల గుండా, బురదమడుగు దాకా లాక్కెళ్ళాయి. చూసినవాళ్ళెవరూ నవ్వలేదు. నవ్వితే ఏమవుతుందో అందరికీ తెలుసు.

మూడో రోజు రాజు లేవలేకపోయాడు. ఒళ్ళంతా ఆముదపు పట్టీలతో పడుకుని మాచనను ఒంటరిగా పిలిపించాడు. ఏ జాతి మంచిదో ఇప్పుడు చెప్పమన్నాడు. తలుపు దగ్గర కత్తి పట్టిన బంటు నిలబడి ఉన్నాడు.

"మహాప్రభూ, కుక్కను ఎంచుకునేముందు కాళ్ళు చూసుకోవాలి," అన్నాడు మాచన.

"చూశాను. రెంటివీ గట్టి కాళ్ళే."

"కుక్కవి కాదు ప్రభూ, మనవి."

మాచన నేల చూస్తూ నిలబడ్డాడు. కాసేపటికి మంచం కిర్రుమంది. రాజు పక్కటెముకలు పట్టుకుని, మూలుగుతూ నవ్వుతున్నాడు. తనతో ఇంత సూటిగా మాట్లాడినవాడు మరొకడు లేడన్నాడు. చేతి బంగారు కడియం తీసిచ్చి, ఇంకేం కావాలో కోరుకోమన్నాడు. మాచన బావ ప్రాణం అడిగాడు. రెండు జంటల కుక్కలనూ ఓబులమ్మకు ఇచ్చేయమని అడిగాడు. రాజు సరేనన్నాడు.

సాయంత్రం చెరసాల తలుపు తెరిచారు. సింగమనాయకుడు గుడ్డచుట్టిన చేతిని గుండెకు ఆనించుకుని బయటికొచ్చాడు. ఇక విల్లు పట్టలేడు. మాచన అక్క అతణ్ణి పొదివి పట్టుకుని నడిపించుకు వెళ్ళింది.

గోడ వార ఒక ముసలామె నిలబడి ఉంది. భైరవభట్టు భార్య. చెరలోవాళ్ళను వదులుతున్నారని విని వచ్చింది. తన మనిషి రాడని ఆమెకు తెలుసు. అయినా వచ్చింది. మాచన కడియం ఆమె చేతిలో పెట్టబోతే పుచ్చుకోలేదు.

"ఆయన తప్పు చెప్పి పోయాడని ఊరంతా అంటోంది నాయనా. ఆయన చెప్పింది తప్పేనా?"

"కాదమ్మా," అన్నాడు మాచన.

"ఆ మాట నాకు కాదు, వాళ్ళకు చెప్పు."

మర్నాడు నిండు కొలువులో మాచన మొదట చదివిన విన్నపం ఆమెదే. భైరవభట్టు తప్పు చెప్పలేదని రాజుగారు ప్రకటించాలని కోరుతోందని, మామూలు గొంతుతో చదివి ఆగాడు. సభ రాజు ముఖంకేసి చూసింది.

ఆ రోజు రాజు నవ్వలేదు. చివరికి సరేనన్నట్టు తల ఊపాడు. లేఖకుడు ఆ ప్రకటన రాసుకున్నాడు.