గెడ్డ దాటించిన అసిరమ్మ

అనగనగా అంటారు చూడండి, ఆ అనగనగాకి కూడా ముందు, కొండల కింద ఒక ఊరుండేది. ఊఁ కొట్టండర్రా! మీరు ఊఁ కొట్టకపోతే నాకు నోరు పెగలదు. ఆ ఊరికీ బడికీ మధ్య ఒక గెడ్డ ఉండేది. గెడ్డంటే తెలుసుగా, కొండ మీంచి దిగే వాగు. ఎండాకాలంలో కోడిపిల్ల కూడా దాటేస్తుంది. కొండ మీద వాన పడిందా, ఎద్దునైనా ఎత్తుకుపోతుంది. ఊళ్లో చినుకు పడదు, గెడ్డ మాత్రం పొంగుతుంది. దాని బుద్ధే అంత.

ఆ ఊళ్లో అసిరమ్మ అని ఒకావిడ ఉండేది. మొగుడు పోయాడు. అడవికెళ్లి అడ్డాకులు కోసుకొచ్చి, విస్తళ్లు కుట్టి అమ్ముకుని బతికేది. ఒక్కగానొక్క కొడుకు, పేరు సింహాద్రి. సన్నగా, గట్టిగా గాలొస్తే ఎగిరిపోయేలా ఉండేవాడు. వాడంటే ఆమెకి పంచప్రాణాలు. "నా గుంటడు నాలాగ ఆకులు కుట్టకూడదు, అచ్చరాలు నేర్చుకోవాల" అని గెడ్డ అవతలున్న బడిలో వేసింది.

బడి నడిపేది కామేశం పంతులు. చెడ్డవాడేం కాదు సుమండీ. వాళ్ల తాత చేసినట్టు తండ్రి చేశాడు, తండ్రి చేసినట్టు తనూ చేశాడు. ఆ బడికో ఆనవాయితీ ఉండేది. పొద్దున్నే అందరికన్నా ముందొచ్చినవాడి అరచేతిలో తడి సుద్దతో శ్రీ రాస్తాడు. వాడి వెనకొచ్చినవాడికి చుక్క పెడతాడు. ఆ వెనకవాడికి ఒక దెబ్బ, ఆ వెనకవాడికి రెండు, ఆ వెనకవాడికి మూడు. అలా పెరుగుతూ పోవడమే. అందరికన్నా చివర వచ్చినవాడి చేతులు సాయంత్రానికి గాని మామూలుగా అయ్యేవి కావు.

ముందొస్తే శ్రీ, వెనకొస్తే చుక్క, ఆపైన దెబ్బ మీద దెబ్బ. పిల్లలు నిద్రలో కూడా ఇదే కలవరించేవాళ్లు.

ఒకరోజు సింహాద్రి చేతిలో శ్రీతో ఇంటికొచ్చాడు. అసిరమ్మ సంబరం చూడాలి! ఆ చెయ్యి పట్టుకుని ఇల్లిల్లూ తిప్పింది. చెరిగిపోతుందని ఆ పూట చెయ్యి కడగనివ్వలేదు, తనే అన్నం కలిపి ముద్దలు పెట్టింది. "రేపు కూడా తెస్తానమ్మా" అన్నాడు వాడు. అదిగో, అక్కడే వచ్చింది చిక్కంతా.

ఆ రోజుల్లో గడియారాలెక్కడివి? కోడి కూస్తే తెల్లారినట్టు, వాకిలి తెల్లబడితే బడివేళ అయినట్టు. ఆ రోజు పున్నమి. అసిరమ్మకి మెలకువ వచ్చి చూస్తే వాకిలంతా తెల్లగా ఉంది.

"ఓలమ్మో, తెల్లారిపోనాది! లెగు నాన్నా, లెగు. ఇంకెవరో ముందెళిపోతారు!"

వాడు కళ్లు నులుముకుంటూ పలక పట్టుకుని పరిగెత్తాడు. తెల్లారడమూ లేదు ఏమీ లేదు, అది వెన్నెల. కొండ మీద వాన కురిసిన సంగతి ఊళ్లో ఎవరికీ తెలీదు.

పలక దొరికింది. వాడు దొరకలేదు. మగాళ్లు గెడ్డ పొడుగునా వెతికారు, మలుపు మలుపూ వెతికారు, ఏట్లో కలిసేదాకా వెతికారు. దొరకలేదు. ఇంకా విప్పి చెప్పమనకండి, నావల్ల కాదు.

అసిరమ్మ మంచం పట్టింది. "నానే లేపినాను, నానే లేపినాను" అని గోడకి చెప్పుకునేది. మళ్లీ లేచి కూర్చునేసరికి వానాకాలం సగం పోయింది. కిటికీలోంచి చూస్తే ఏముంది? చీకట్లో పిల్లలు ఒకళ్లనొకళ్లు తోసుకుంటూ గెడ్డ వైపు పరుగెడుతున్నారు. ముందొస్తే శ్రీ, వెనకొస్తే చుక్క, ఆపైన దెబ్బ మీద దెబ్బ. ఆమె గోడ పట్టుకుని లేచింది.

పంతులు దగ్గరికి వెళ్లింది. "పంతులుబాబూ, ఆ శ్రీ మానీయండి. గుంటలు చీకట్లో గెడ్డ దాటుతున్నారు."

పంతులుకి కళ్లనీళ్లు తిరిగాయి. అయినా ఏమన్నాడంటే, "తాతల నాటి ఆనవాయితీ అసిరమ్మా. భయం లేనిదే చదువు అంటదు" అన్నాడు.

ఊరిపెద్ద నాయుడు దగ్గరికి వెళ్లింది. "నాయుడుబాబూ, మీరైనా సెప్పండి." నాయుడి మనవడు ముందురోజే శ్రీ తెచ్చుకున్నాడు మరి. "నీ కడుపుకోత నాకు తెలుసే. దానికని ఊళ్లో చదువులన్నీ ఆపుకుంటామా?" అన్నాడు.

గెడ్డ దగ్గరికి వెళ్లింది. "తల్లీ, నా గుంటడిని నాకిచ్చీ. ఇవ్వలేవా, పోనీ ఇంకొకణ్ణి ముట్టుకోకు." గెడ్డ ఏం చెబుతుంది, నా మొహం! దాని దారిన అది పోతోంది.

పంతులు వినలేదు, నాయుడు వినలేదు, గెడ్డ వినలేదు. అడగడం ఇంక అయిపోయింది అనుకుంది అసిరమ్మ.

మర్నాడు కోడి కూయకముందే వెళ్లి గెడ్డ ఒడ్డున, సరిగ్గా రేవు దగ్గర, చేతులు చాపుకుని నిలబడింది. పిల్లలు పరిగెత్తుకుంటూ వచ్చి ఆగిపోయారు.

"పెదమ్మా, తప్పుకో! ఆలస్యమైపోతాది!"

"తెల్లారనీ నాయనా."

"దెబ్బలు పడతాయి పెదమ్మా!"

"మీ దెబ్బలు నాను తింటాను. తెల్లారనీ."

నాయుడి మనవడు పక్కనుంచి దూరబోయాడు. రెక్క పట్టుకుని వెనక్కి లాగింది. అందరికన్నా చిన్నది, గౌరి అనే పిల్ల, ఏడుపందుకుంది. దాన్ని చంకనెత్తుకుంది. తూర్పు తెల్లబడింది. ఈసారి నిజంగానే తెల్లబడింది. నీళ్లెంతున్నాయో కంటికి కనబడ్డాక, అందరి చేతులూ గొలుసులా పట్టించి, తను ముందు నడిచి అవతలి ఒడ్డుకి దాటించింది.

బడి వాకిట్లో పంతులు బెత్తం పట్టుకుని నిలబడి ఉన్నాడు. గెడ్డ దాటే పనిలేని, బడి ఒడ్డు పిల్లలు ఎప్పుడో వచ్చి కూర్చున్నారు. గెడ్డ దాటొచ్చిన పిల్లలు చేతులు చాపారు.

"ఎవరు ముందు, ఎవరు వెనక?" అన్నాడు పంతులు.

అసిరమ్మ గౌరిని కిందికి దింపి ముందుకొచ్చింది. ఆకులు కుట్టి కుట్టి కాయలు కాసిన చెయ్యి. ఆ చెయ్యి చాపింది.

"నువ్వేం బడిపిల్లవా అసిరమ్మా? పక్కకి జరుగు."

"నాను కాదు బాబూ, నా గుంటడు. మీ బడికి అందరికన్నా ఆలస్యం ఆడే కదా. ఇంకా రానేలేదు. ఆడి దెబ్బలెన్నో ఆడి తల్లి చేతి మీద కొట్టీయండి. అవయ్యాక ఈ గుంటలవి కొడుదురు గాని."

పంతులు బెత్తం ఎత్తాడు. మూడోవాడికి ఒకటి, నాలుగోవాడికి రెండు. మరి ఎప్పటికీ రానివాడికి ఎన్ని? తాత చెప్పలేదు, తండ్రీ చెప్పలేదు. పంతులు చెయ్యి దానంతటదే దిగిపోయింది. అరుగు మీద కూలబడి, పిల్లలు చూస్తున్నారని కూడా లేకుండా, భోరున ఏడ్చాడు.

"ఆ శ్రీ రాసింది నేనే అసిరమ్మా."

"రాసింది మీరు, లేపింది నాను. ఏడవడానికి మనిద్దరం ఉన్నాం బాబూ. ఈ గుంటల తల్లులు ఏడవకుండా చూడండి."

ఆ రోజుతో శ్రీ లేదు, చుక్క లేదు, దెబ్బా లేదు. తెల్లారగానే గెడ్డకి ఇవతల అసిరమ్మ, అవతల పంచె ఎగ్గట్టి పంతులు. నాయుడు కొన్నాళ్లు మూతి ముడుచుకుని తిరిగాడు, తర్వాత తనే రేవులో ఒక రాయి పాతించాడు. గౌరి మోకాలు ఎంతెత్తో రాయి కూడా అంతెత్తు. నీళ్లు రాయిని ముంచాయా, ఆ రోజు బడి లేదు. ఎవరి బతిమాలడాలూ చెల్లవు.

ఏళ్లు గడిచాయి. అసిరమ్మ పిల్లల్ని దాటిస్తూనే ఉంది. చెయ్యి పట్టుకుంటేనే ఆమెకి తెలిసిపోయేది, ఎవరికి ఒళ్లు వెచ్చబడిందో, ఎవరు తినకుండా బయల్దేరారో. కొంగున ఎప్పుడూ అటుకులు ఉండేవి. "బాబూ, ఈయేళ దీన్ని పాఠం అడక్కండి, ఇంట్లో అమ్మానాన్న కొట్టుకున్నారు" అని అవతల ఒడ్డున పంతులు చెవిలో వేసేది. ఆ రోజు పంతులు ఆ పిల్లని పక్కన కూర్చోబెట్టుకునేవాడు.

అందరూ దాటిపోయాక కూడా ఆమె కదిలేది కాదు. ఒడ్డున నిలబడి, ఊరి దారి వైపు చూస్తూ ఉండేది.

"ఎవరి కోసం పెదమ్మా? అందరం వచ్చేశాం కదా" అని గౌరి అడిగింది ఒకసారి.

"ఏమో తల్లీ. ఒకడెవడైనా వెనకబడ్డాడేమోనని" అంది అసిరమ్మ. ఎంత చూసినా ఆ దారిన ఎవరూ రాలేదు. ఆమె చూడటం మానలేదు. తల్లి కదా, ఎలా మానుతుంది?

ఒక చలికాలం పొద్దున పిల్లలొచ్చేసరికి రేవు దగ్గర ఎవరూ లేరు. పిల్లలు గెడ్డలో కాలు పెట్టలేదు. పెద్దవాళ్లు చిన్నవాళ్ల చేతులు పట్టుకుని, అందరూ కలిసి అసిరమ్మ ఇంటికి వెళ్లారు. ఆమె కుట్టిన విస్తళ్లు తలదగ్గర దొంతిగా ఉన్నాయి. ఆమె నిద్రలోనే వెళ్లిపోయింది. ఆ రోజు బడి తెరవలేదు. మర్నాడు పంతులు బడి తలుపు తీసి, చాలాసేపు లోపలికి వెళ్లలేకపోయాడు.

ఇప్పుడక్కడ గెడ్డ మీద వంతెన కట్టారు. అయినా ఆ ఊరి తల్లులు పిల్లల్ని బడికి పంపేటప్పుడు "జాగ్రత్త" అనరు. "అసిరమ్మ చెయ్యి పట్టుకెళ్లు" అంటారు. పిల్లలు పక్కవాళ్ల చెయ్యి పట్టుకుని నడుస్తారు.

పాఠం మొదలెట్టే ముందు పంతులు ఎవరైనా సరే, "అందరూ వచ్చారా?" అని అడుగుతారు. పిల్లలందరూ ఒక్క గొంతుతో "ఇంకొకడు రావాలి" అంటారు. అప్పుడు తలుపు బార్లా తీసి, కాసేపు అందరూ దారి వైపు చూస్తారు. కొత్తగా చేరిన పిల్లలు ఎవరొస్తారా అని మెడలు చాచి మరీ చూస్తారు. పాతవాళ్లు కాస్త పక్కకి జరిగి, చోటు చేసి కూర్చుంటారు.