దిష్టి తగలకుండా తిట్టిన రాజు

అనగా అనగా, మీ ముత్తాతల ముత్తాతలు ఇంకా పుట్టని రోజుల్లో, కలువకొండ అనే రాజ్యం ఉండేది. దాని రాజు శీలవర్మ. ఆ రాజుకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు ఉదయసేనుడు, బాణం వేశాడంటే ఎగిరే ఈగ రెక్క తెగాల్సిందే. రెండోవాడు మధురసేనుడు, వాడు పాటెత్తుకుంటే వంటవాళ్ళు వింటూ కూర్చుని కూరలు మాడబెట్టుకునేవాళ్ళు. మూడోవాడు కువలయుడు. వాడికి మట్టి కనిపిస్తే చాలు, ఏనుగో గుర్రమో చేసి పారేస్తాడు. నోరు మాత్రం ఒక్క క్షణం ఊరుకోదు, మీలాగే. నవ్వకండర్రా, నిజమే చెప్తున్నాను.

రాజుకి ఆ ముగ్గురూ పంచప్రాణాలు. ఒక రోజు కోటకి ఒక సన్యాసి వచ్చాడు. పిల్లల్ని ఎగాదిగా చూసి, "అయ్యో రాజా! ఇంత చక్కటి పిల్లలా! ఊరి కళ్ళన్నీ వీళ్ళమీదే. దిష్టి కొట్టి నీ ఇల్లు గుల్లయిపోతుంది సుమా!" అన్నాడు.

రాజుకి గుండె గుభేలుమంది. "ఏం చెయ్యమంటారు స్వామీ?" అని కాళ్ళమీద పడ్డాడు.

"బుగ్గన నల్లచుక్క పెట్టినంత మాత్రాన ఈ దిష్టి ఆగదు. రోజూ తిట్టు. నలుగురిలో మరీ తిట్టు. వాళ్ళు బాగున్నారని నీ నోట ఒక్క మాట కూడా రాకూడదు. అప్పుడే బతికిపోతారు" అని చెప్పి సన్యాసి వెళ్ళిపోయాడు.

చూశారా, ఎంత వెర్రిబాగుల రాజో! ప్రేమ ఉంటే మాత్రం, బుర్ర ఉండొద్దూ? మర్నాడే దండోరా వేయించాడు. రాజ్యంలో ఎవరి పిల్లలకీ దిష్టి తగలకూడదు, అందుకని ఎవరూ తమ పిల్లల్ని మెచ్చుకోకూడదని. ఇక చూస్కోండి! కూతురు మొదటిసారి పులుసు కాస్తే, "ఏడ్చినట్టుంది" అనేది తల్లి. కొడుకు చెట్టెక్కితే, "కోతి వెధవ, దిగు" అనేవాడు తండ్రి. చుట్టాలొస్తే, "మావాడా? శుద్ధ మొద్దండీ, దేనికీ పనికిరాడు" అనేవాళ్ళు, పిల్లవాడు పక్కనే నిలబడి వింటూ ఉండగానే. ఆ తర్వాత లోపలికెళ్ళి, దిష్టి తగల్లేదు కదా అని దణ్ణం పెట్టుకునేవాళ్ళు. ఆ దణ్ణం పిల్లలకి కనిపించదు కదా! తిట్టు మాత్రం వినిపిస్తుంది.

కొన్నాళ్ళకి ఉదయసేనుడి బాణం గురి తప్పడం మొదలెట్టింది. ఒక ఉదయం తండ్రితో ఏదో చెప్దామని నోరు తెరిచాడు. నోరైతే తెరుచుకుంది గానీ మాట రాలేదు! గాలి తప్ప ఏమీ రాలేదు! వారం తిరక్కుండా మధురసేనుడి పాట కూడా ఆగిపోయింది. తర్వాత సేనాపతి కూతురు, తర్వాత గొల్లవాళ్ళ పిల్లలు. చూస్తుండగా రాజ్యంలో పిల్లల అరుపు లేదు, ఏడుపు లేదు, అల్లరి లేదు. వైద్యులు వచ్చారు, ముక్కున వేలేసుకుని వెళ్ళారు.

ఇంకా మాట ఉన్నవాడు కువలయుడొక్కడే. ఎందుకో తెలుసా? వాణ్ణి ఎవరు తిట్టినా, వాడు తిన్నగా గుర్రాలసాల వెనక్కి వెళ్ళి, కోట బట్టలు మోసే ముసలి గాడిదతో చెప్పుకునేవాడు. "ఇవాళ గురువుగారు నన్ను మొద్దన్నారు. నాకు ఏడుపొచ్చింది. నేను మొద్దుని కాదనుకుంటా, నువ్వేమంటావు?" అని. గాడిద చెవులూపుతూ వినేది.

అన్నలకి మాట పోయిన రోజున కూడా వాడు అలాగే వెళ్ళి, "అన్నయ్యలు నాతో మాట్లాడ్డం లేదు. నాకు భయంగా ఉంది" అన్నాడు.

గాడిద గడ్డి నమలడం ఆపింది. "బాబూ, ఇన్నాళ్ళూ నువ్వు చెప్పావు, నేను విన్నాను. ఇప్పుడు నేను చెప్తాను, విను" అంది.

అమ్మబాబోయ్! గాడిద మాట్లాడింది! కువలయుడు వెనక్కి పడబోయి గడ్డిమోపు పట్టుకుని ఆగాడు.

"ఆ సన్యాసి సన్యాసి కాడు. కంకాళుడనే మాయావి. ఊరి పొలిమేర దాకా వాడి మూట మోసింది నేనే. గాడిద ముందు దాపరికం ఏముంటుంది? దారంతా వాగుతూనే ఉన్నాడు. ఏడు సముద్రాల అవతల గుహలో ఒక చిలుక ఉంది. వాడి ప్రాణం అందులోనే. మీవాళ్ళు తిట్టే ప్రతి తిట్టూ దాని నోట్లోకి పోతుంది. తిట్లు తిని తిని మాట పడిపోయిన పిల్లల గొంతులు దాని గొంతులో చిక్కుకుంటాయి. ఈ అమావాస్యకి దాని గొంతు నిండిపోతుంది. ఆ తర్వాత మీ అన్నల మాట ఇక ఎప్పటికీ తిరిగి రాదు."

కువలయుడు పరుగున సభకి వెళ్ళాడు. జరిగింది చెప్పి, "నాన్నగారూ, నేను వెళ్ళి అన్నయ్యల మాట తెస్తాను" అన్నాడు.

మాట మిగిలింది ఒక్క కొడుక్కే, వాడూ సముద్రాల మీద పోతానంటున్నాడు. రాజుకి ప్రాణం పోయినంత పనైంది. ఆ భయంలో అలవాటుగా నోరు జారాడు. "నువ్వా? చేతకాని వెధవా! గాడిద మాట్లాడిందా? సిగ్గులేదూ? నీ వల్ల ఏమవుతుందిరా!"

ఆ మాట అన్నాడో లేదో, కువలయుడి గొంతు సగం బొంగురుపోయింది. ఇంకొక్క తిట్టు తింటే వాడూ మూగవాడే. వాడు ఇంకేమీ అనకుండా, ఏడుస్తూనే కోట దాటాడు.

సముద్రం ఒడ్డున గాడిదకి తెలిసిన తాబేలు ఒకటి ఉంది. మంచం అంత తాబేలు. అది కువలయుణ్ణి వీపు మీద ఎక్కించుకుని ఈదింది. ఉప్పు సముద్రం దాటారు, పాల సముద్రం దాటారు. చెరుకురసం సముద్రంలో కువలయుడు కడుపు పగిలేలా తాగాడు. నేతి సముద్రంలో తాబేలు కాళ్ళు జారిపోయి, ముందుకు పోవాల్సింది గిర్రున తిరుగుతూ పోయింది. ఎలాగైతేనేం, ఏడూ దాటి నల్లరాతి దీవికి చేరారు. సరిగ్గా అమావాస్య రోజు.

"నేను లోపలికి రాలేను. ఒక్క సంగతి. ఆ చిలుక అరిస్తే మనుషులు రాళ్ళయిపోతారు" అంది తాబేలు.

కువలయుడు గుహలోకి వెళ్ళాడు. లోపల రెండు వైపులా రాతి మనుషులు. మధ్యలో బూడిదరంగు చిలుక, ఉబ్బిపోయి గుమ్మడికాయంత గొంతుతో కూర్చుని ఉంది. వాణ్ణి చూసి నోరు తెరిచింది.

అచ్చం గురువుగారి గొంతు! "మొద్దు వెధవా! నీ తలలో మట్టి తప్ప ఏముంది?"

కువలయుడు అదిరిపడ్డాడు. అయినా రొమ్ము విరిచి, "నేను మహావీరుణ్ణి! మూడు లోకాల్లో నాకు సాటి లేదు!" అని అరిచాడు. అది వట్టి గొప్ప అని వాడికీ తెలుసు, చిలుకకీ తెలుసు. చిలుక పకపకా నవ్వింది. వాడి కాళ్ళు మోకాళ్ళ దాకా రాయి అయ్యాయి.

రెండోసారి అచ్చం వాళ్ళమ్మ గొంతు! "నీలాంటివాణ్ణి కన్నందుకు నా తల బాదుకోవాలి!"

"నువ్వే పనికిమాలినదానివి! బోడి చిలుకా!" అని తిట్టాడు కువలయుడు. ఆ తిట్టు కూడా చిలుక గుటుక్కున మింగేసింది. వాడు నడుం దాకా రాయి అయ్యాడు.

మూడోసారి... అచ్చం నాన్న గొంతు. "నువ్వు లేకపోయినా నాకేం లోటు లేదురా."

కువలయుడికి బుర్ర తిరిగిపోయింది. ఆ మాట నాన్న నిజంగా అన్నదే. చుట్టాల ముందు, నవ్వుతూ అన్నాడు. రాయి మెడ దాకా పాకింది. ఇక నోరొక్కటే మిగిలింది. గొప్పలు చెప్పుకునే ఓపికా లేదు, తిట్టే ఓపికా లేదు. అందుకని గాడిదతో మాట్లాడినట్టే మాట్లాడాడు.

"ఆ మాటకి నాకు చాలా బాధేసింది. ఇప్పటికీ బాధగానే ఉంది. నేను మహావీరుణ్ణేమీ కాదు, ఇక్కడికొచ్చేటప్పుడు దారంతా భయపడ్డాను. కానీ వచ్చాను. చేతకానివాణ్ణయితే రాలేకపోయేవాణ్ణి కదా. నాకు బొమ్మలు చెయ్యడం వచ్చు, లెక్కలు ఇంకా రావు, నేర్చుకుంటాను. నేను లేకపోతే లోటే. నాకు తెలుసు."

టప్ మని మెడ దగ్గర రాయి పగిలింది! చిలుక బిత్తరపోయింది. ఇలా ఎవరూ దానికి జవాబు చెప్పలేదు మరి. భుజాలు వదులయ్యాయి, నడుం వదులైంది, కాళ్ళూ కదిలాయి.

కువలయుడు దాని దగ్గరికి వెళ్ళాడు. పీక నులిమేస్తాడనుకున్నారు కదూ? చిలుకా అలాగే అనుకుని కళ్ళు మూసుకుంది. వాడు మాత్రం గొంతుక్కూర్చుని, "నువ్వన్నవన్నీ వాళ్ళ మాటలు. మరి నీ మాట ఏది? నీకేం కావాలి?" అని అడిగాడు.

చిలుక నోరెళ్ళబెట్టింది. పుట్టాక దాన్ని ఆ ప్రశ్న అడిగిన నాథుడు లేడు! ఏదో చెప్పాలని చూసింది, గొంతు నిండుగా ఉంది, మాట పైకి రావడం లేదు. దగ్గింది, మళ్ళీ దగ్గింది, మూడోసారి గట్టిగా దగ్గేసరికి... వందల గొంతులు, వేల గొంతులు, పిట్టల గుంపులా బయటికి ఎగిరొచ్చాయి! గుహంతా పిల్లల గోల!

చివరికి సన్నటి గొంతుతో చిలుక అంది, "నాకు జామపండు తినాలనుంది."

అప్పుడే కంకాళుడు ఊగిపోతూ వచ్చాడు. "ఏం చేశావే దిక్కుమాలిన పక్షీ! అరవవే! వీణ్ణి రాయి చెయ్యి!"

"అరవను. నువ్వు తిడితే నాకు బాధగా ఉంటుంది" అంది చిలుక.

కంకాళుడి మొహం పాలిపోయింది. వాడు ప్రాణం దాచుకున్నది సొంతమాట లేని పక్షిలో కదా, ఇప్పుడు దానికి మాట వచ్చేసింది. వాడు ఎండిన అరటితొక్కలా నల్లబడి, ముడుచుకుని, నేలమీద పడ్డాడు. అంతే, మాయావి ఖతం. చిలుక ఒళ్ళంతా పచ్చబడింది.

రాతి మనుషులందరికీ ప్రాణం వచ్చింది. వాళ్ళలో పగడదీవి రాకుమారి తరళ ఒకతె. కంకాళుడు అక్కడా ఇదే మాయ చేశాడట. చెల్లెలి మాట కోసం ఒంటరిగా వచ్చి రాయైపోయిన పిల్ల ఆమె. "నేను మూడుసార్లూ తిట్టాను. మీకు ఆ జవాబు ఎలా తట్టింది?" అని ఆశ్చర్యపోయింది.

"మా గాడిద చలవ" అన్నాడు కువలయుడు. ఆమెకేమీ అర్థం కాలేదు.

తాబేలు వెనకాలే కలువకొండ పిల్లల గొంతులన్నీ తిరిగొచ్చాయి. రాజు, రాణి, ఊరు ఊరంతా ఒడ్డున నిలబడ్డారు. ఎవరి గొంతు వాళ్ళ నోట్లోకి దూరింది. ఉదయసేనుడు గొంతు సవరించుకున్నాడు. పోయిన మాట తిరిగొచ్చిందని కేరింతలు కొడతాడని అందరూ అనుకున్నారు. వాడు తండ్రివైపు చూసి మెల్లగా అడిగాడు.

"నాన్నగారూ, మేమంటే మీకు ఇష్టమేనా?"

రాజు గబుక్కున వాడి చేతులు పట్టుకున్నాడు. "ఇష్టమేనా అంటావేంట్రా! మీరే నా ప్రాణం కదరా! దిష్టి తగులుతుందనే కదా ఇన్నాళ్ళూ..."

"మాకెలా తెలుస్తుంది నాన్నగారూ? మీరెప్పుడూ చెప్పలేదుగా" అన్నాడు వాడు.

రాజుకి నోట మాట రాలేదు. ఇప్పుడు మూగవాడు ఆయనే. చివరికి అందరి ఎదుటా ముగ్గుర్నీ పొదివి పట్టుకుని, భయంభయంగా ఆకాశం వంక ఒకసారి చూసి, "మీరంటే నాకు ఇష్టంరా. మీరు మంచి పిల్లలురా" అనేశాడు. ఆకాశం విరిగి పడలేదు, ఎవరి కన్నూ తగల్లేదు. ఒడ్డున ఉన్న తల్లులూ తండ్రులూ అందరూ ఘొల్లుమని ఏడ్చారు.

ఏళ్ళు గడిచాయి. కువలయుడు పెద్దవాడై పగడదీవికి వెళ్ళి, "నన్ను పెళ్ళి చేసుకోవడం మీకు ఇష్టమేనా?" అని తరళని అడిగాడు. రాకుమారిని ఇష్టం అడగడమా అని అక్కడి మంత్రులు విస్తుపోయారు. ఆమె ఆలోచించుకుని, ఇష్టమే అంది. పెళ్ళి పదహారు రోజులు జరిగింది. సింహాసనం ఎవరికి కావాలని రాజు అడిగితే, పెద్దవాడు విల్లు చాలన్నాడు, రెండోవాడు పాట చాలన్నాడు. కువలయుడు నాకు కావాలి అన్నాడు. వాడూ తరళా చల్లగా చాలాకాలం రాజ్యం ఏలారు.

ముసలి రాజు మాత్రం రోజూ పొద్దున్నే కర్ర పొడుచుకుంటూ ముగ్గురి దగ్గరికీ వెళ్ళేవాడు. మీసాలు మెలితిరిగిన కొడుకుల్ని నిండు సభలో నిలబెట్టి, "మీరంటే నాకు ఇష్టంరా" అనేవాడు. వాళ్ళు సిగ్గుపడిపోయి, "నాన్నగారూ, నిన్ననే కదా చెప్పారు!" అనేవాళ్ళు.

"నిన్నటిది నిన్న అయిపోయిందిరా. ఇవాళ్టిది చెప్పొద్దూ?" అనేవాడు రాజు.